గోధుమ పడని శరీరాలు: గ్లూటెన్ రుగ్మతలపై ఒక సమీక్ష

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు శరీరానికి పడకపోవడాన్ని వాడుకలో గ్లూటెన్ ఎలర్జీ అంటున్నారు. ఈ ఒక్క పేరు కింద నిజానికి మూడు వేర్వేరు రుగ్మతలు కలగాపులగమయ్యాయి. మొదటిది సీలియాక్ వ్యాధి. ఇందులో శరీరపు రక్షణ వ్యవస్థ గ్లూటెన్ మీద మొదలుపెట్టిన దాడిని సొంత చిన్నపేగు మీదికే మళ్లిస్తుంది. రెండోది గోధుమ ఎలర్జీ. వేరుశనగపప్పు, రొయ్యలు పడనివారికి ఒళ్లంతా దద్దుర్లు లేచినట్టే ఇందులో గోధుమ తిన్న కాసేపటికే ప్రతిచర్య కనిపిస్తుంది. మూడోది, ఈ రెండూ లేవని పరీక్షల్లో తేలినా గోధుమ తిన్నప్పుడల్లా కడుపు ఉబ్బరం, నొప్పి, నీరసం వచ్చే స్థితి. దీనిని వైద్యులు సీలియాకేతర గ్లూటెన్ అసహనం అంటున్నారు. మొదటిదానికి జీవితాంతం కఠినమైన పథ్యం కావాలి, రెండోదానిలో ప్రాణాపాయం పొంచి ఉంటుంది, మూడోదానిలో తప్పు గ్లూటెన్‌ది కాకపోవచ్చు. కనుక తనకున్నది వీటిలో ఏదో తేల్చుకోకుండా గోధుమ మానేయడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువమంది చేస్తున్న పని, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న పని కూడా.

గ్లూటెన్ అంటే ఏమిటో చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. పూరీల కోసం కలిపిన గోధుమపిండి ముద్దను సన్నటి నీటిధార కింద పట్టుకుని పిసుకుతూ పోతే పిండిపదార్థం తెల్లటి పాలలా కారిపోయి, చివరికి చేతిలో సాగే బంకముద్ద మిగులుతుంది. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన జాకొపో బెకారి ఈ విధంగానే దానిని వేరుచేసి, ఆ వివరాలను 1745లో ప్రచురించాడు. ఆ ముద్దలో ప్రధానంగా గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు తరగతుల మాంసకృత్తులు ఉంటాయి. బార్లీలో హోర్డీన్, రైలో సెకాలిన్ వీటికి దగ్గరి చుట్టాలు. పరోటా పిండి తెగకుండా పలచటి పొరగా సాగడానికీ, బ్రెడ్డు గాలిని పట్టి ఉంచుకుని పొంగడానికీ కారణం ఈ మాంసకృత్తులే. జొన్నపిండిలో ఇవి లేవు కాబట్టే తెలంగాణ ఇళ్లలో జొన్నరొట్టె పిండిని వేడినీళ్లతో కలిపి, కర్రతో సాగదీయకుండా అరచేత్తో తట్టి చేస్తారు.

జీర్ణక్రియ విషయంలో గ్లూటెన్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. ప్రోలిన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు అందులో అతిగా ఉండటంవల్ల మనిషి జీర్ణరసాలు దానిని పూర్తిగా ముక్కలు చేయలేవు. 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక గ్లయాడిన్ తునక జఠర, క్లోమ, ఆంత్ర రసాలన్నిటినీ తట్టుకుని నిలుస్తుందని 2002లో శాస్త్రవేత్తలు చూపించారు. ఈ జీర్ణం కాకపోవడం అందరిలోనూ జరిగేదే, చాలామందిలో దానివల్ల ఏ హానీ లేదు. అయితే హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యురకాలు ఉన్నవారిలో కొందరికి ఈ తునకలు పేగు గోడలోకి చేరినప్పుడు, టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము వాటిలోని గ్లూటమిన్‌ను గ్లూటమిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ చిన్న మార్పుతో ఆ తునకలు రక్షణ కణాల పట్టుకు మరింత గట్టిగా చిక్కుతాయి, ఆ కణాలు శత్రువు వచ్చిందన్న సంకేతం పంపుతాయి, వాపు మొదలవుతుంది, పోషకాలను పీల్చుకోవడానికి పేగు లోపలి గోడ మీద లక్షలకొద్దీ నిలబడి ఉండే చూషకాలనే సన్నటి వేళ్లు క్రమంగా కుంచించుకుపోయి గోడ చదునైపోతుంది. రోగి శరీరం ఆ ఎంజైము మీదే ప్రతిరక్షకాలను తయారుచేస్తుందని 1997లో బయటపడడంతో, సీలియాక్ వ్యాధి తిండి పడకపోవడం మాత్రమే కాదనీ, తన కణజాలం మీద తానే దాడిచేసే స్వయంప్రతిరక్షక వ్యాధుల కోవలోదనీ స్థిరపడింది.

ఇంత సూక్ష్మమైన అవగాహన రావడానికి ముందు వైద్యం చాలాకాలం చీకట్లో తడుముకుంది. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లో ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించి, నయం కావడమంటూ ఉంటే అది ఆహారంతోనే జరగాలని అన్నాడు గానీ దోషి ఎవరో పట్టుకోలేకపోయాడు. అమెరికాలో సిడ్నీ హాస్ 1924లో అరటిపండ్ల పథ్యం ప్రవేశపెట్టి ఎందరో పిల్లలను బతికించాడు. మేలు చేసింది అరటిపండు కాదనీ, ఆ పథ్యంలో బ్రెడ్డు లేకపోవడమనీ ఎవరికీ తోచలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికె 1930ల నుంచే గోధుమ మీద అనుమానపడుతున్నాడు. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద ఆ దేశం కరవుతో అల్లాడి, బ్రెడ్డు దొరక్క జనం తులిప్ దుంపలు తిన్న రోజుల్లో సీలియాక్ పిల్లలు తేరుకోవడం, యుద్ధం ముగిసి బ్రెడ్డు తిరిగిరాగానే మళ్లీ జబ్బుపడడం ఆ అనుమానానికి బలమిచ్చింది. తర్వాత పిల్లల ఆహారంలోంచి గోధుమను తీసి, తిరిగి చేర్చి, మలంలో పోయే కొవ్వును కొలిచి చూసిన ఫలితాలతో 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించాడు. ఈనాటి పథ్యానికి పునాది అదే.

వ్యాధి లక్షణాల విషయానికి వస్తే, పొట్ట ముందుకు వచ్చి, చేతులూ కాళ్లూ సన్నబడి, ఆగని విరేచనాలతో ఎదుగుదల నిలిచిపోయిన పిల్లవాడి రూపం పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. పెద్దవారిలో వ్యాధి ఇంత బాహాటంగా బయటపడదు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని హిమోగ్లోబిన్, వయసుకు మించి పెళుసుబారిన ఎముకలు, మాటిమాటికీ నోటిపూత, కారణం తెలియని సంతానలేమి, కాలేయ ఎంజైముల స్వల్ప పెరుగుదల, మోచేతుల మీదా మోకాళ్ల మీదా విపరీతమైన దురదతో లేచే నీటిపొక్కులు, వీటిలో ఏ ఒక్కటైనా ఈ వ్యాధికి ఏకైక గుర్తు కావచ్చు. రక్తహీనత ఇంటింటా ఉన్న దేశంలో దాని వెనుక పేగు జబ్బు ఉండవచ్చన్న ఆలోచన రావడం కష్టమే. మొదటి రకం మధుమేహం, థైరాయిడ్ స్వయంప్రతిరక్షక వ్యాధులు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలోనూ, సీలియాక్ రోగుల తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లోనూ ఇది సాధారణ జనాభాలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది కనుక వారికి లక్షణాలు లేకున్నా పరీక్ష చేయించడం మంచిదని వైద్య సంఘాలు చెబుతున్నాయి.

గోధుమ ఎలర్జీ నడిచే దారి పూర్తిగా వేరు. ఇక్కడ రక్తంలోని ఐజీఈ అనే ప్రతిరక్షకం గోధుమ మాంసకృత్తును పట్టుకున్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. తీవ్రమైతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చిన్నపిల్లల్లో వచ్చినది చాలామందిలో పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. పెద్దవారిలో ఒక వింత రూపం ఉంది: చపాతీలు తిని ఊరికే కూర్చుంటే ఏమీ కాని మనిషి, తిన్న తర్వాత పరుగో ఆటో మొదలుపెడితే కుప్పకూలిపోతాడు. ఒమెగా-5 గ్లయాడిన్ అనే మాంసకృత్తు దీనికి ముఖ్య కారణం; ఆస్పిరిన్ జాతి మాత్రలూ మద్యమూ దీనిని మరింత ఎగదోస్తాయి. గోధుమ హాని చేయడానికి నోటిగుండానే పోనక్కర్లేదు. పిండి దుమ్ము పీల్చే బేకరీ పనివారికి వచ్చే ఉబ్బసాన్ని వృత్తి వ్యాధుల వైద్యానికి ఆద్యుడైన రామజీని 1700లోనే గుర్తించాడు. జపాన్‌లో గోధుమ మాంసకృత్తును విడగొట్టి కలిపిన ఒక ముఖ సబ్బు వాడిన ఎందరో స్త్రీలకు, అంతకుముందు గోధుమతో ఏ ఇబ్బందీ లేకపోయినా, ఆ తర్వాత ఈ ఎలర్జీ రావడంతో 2011లో దానిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

మూడో రుగ్మత ఇంకా వివాదాస్పదమే. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ బృందం 2011లో చేసిన ప్రయోగంలో సీలియాక్ లేనివారికి కూడా గ్లూటెన్ బాధ కలిగిస్తున్నట్టు కనిపించింది. అదే బృందం 2013లో 37 మందికి ముందుగా పేగులో పులిసే చక్కెర పదార్థాలన్నిటినీ ఆహారంలో తగ్గించి, ఆ తర్వాత గుట్టుగా గ్లూటెన్ ఇచ్చి చూస్తే ప్రత్యేకమైన ప్రభావమేదీ తేలలేదు. తమ మొదటి ఫలితాన్ని తామే ప్రశ్నించుకున్న ఈ పరిశోధకుల నిజాయతీకి రావలసినంత ప్రచారం రాలేదు. మొదటి ఫలితానికి మాత్రం కావలసినంత వచ్చింది. నార్వేలో 59 మంది మీద జరిగి 2018లో వెలువడిన పరిశీలనలో గ్లూటెన్ కంటే ఫ్రక్టాన్ అనే చక్కెర పదార్థమే ఎక్కువ ఉబ్బరం కలిగించింది. ఫ్రక్టాన్ గోధుమలో ఉంటుంది, ఉల్లిపాయలో వెల్లుల్లిలో కూడా దండిగా ఉంటుంది. గోధుమ మానేసి అల్లంవెల్లుల్లి ముద్ద వేసిన కూరలు తింటూ తనకు గుణం కనిపించడం లేదని వాపోయే రోగి చికాకుకు ఇది ఒక వివరణ. గోధుమలోనే ఉండే అమైలేజ్-ట్రిప్సిన్ నిరోధకాలనే మరో మాంసకృత్తుల వర్గం మీదా అనుమానాలున్నాయి. ఈ రోగుల బాధ కల్పితం కాదు, కారకం మాత్రం ఒకటే కాకపోవచ్చు.

భారతదేశంలో సీలియాక్ వ్యాధి విస్తరణ ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన అధ్యాయం. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23,000కు పైగా ఆరోగ్యవంతులైన పెద్దల రక్తం పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ వ్యాధి ప్రతిరక్షకాలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించాయి. దక్షిణాది వారి రక్తంలో ఏదో రక్షణ ఉందనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే వ్యాధికి తలుపు తెరిచే జన్యురకాలు మూడు చోట్లా దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయి. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా కంచంలో ఉంది: ఉత్తరాన సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే, ఈశాన్యంలో 37 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు మాత్రమే తింటున్నారు. అయితే ఈశాన్యానికీ దక్షిణానికీ గోధుమ వాడకంలో ఇంత స్వల్పమైన తేడా ఉండి కూడా ప్రతిరక్షకాల్లో అంత అంతరం ఎందుకు వచ్చిందో గోధుమ ఒక్కటే చెప్పలేదు. అంటురోగాలు, పేగులోని సూక్ష్మజీవులు వంటి ఇతర కారణాలకు అక్కడ చోటుంది.

తెలుగునాట చౌకబియ్యం మీదా వరి మీదా నడిచిన వంటగది కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. షుగరు వచ్చిందనగానే రాత్రి అన్నం మాని చపాతీలకు మారడం పట్టణాల్లోనే కాక పల్లెల్లోనూ ఆనవాయితీ అయింది; పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం మైదా బిస్కట్లు, రాత్రి చపాతీలతో ఒక మధ్యతరగతి మనిషి తినే గోధుమ అతడి తాత తిన్నదానికి ఎన్నో రెట్లు. కొత్త వంగడాల్లో గ్లూటెన్ విపరీతంగా పెరిగిందనే ప్రచారానికి మాత్రం గట్టి ఆధారం లేదు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దపు గోధుమ వివరాలను పరిశీలించినప్పుడు అలాంటి పెరుగుదల కనిపించలేదు. పెరిగింది తినే పరిమాణం, కొనే తినుబండారాల్లో దాని చొరబాటు.

రోగనిర్ధారణకు మొదటి మెట్టు, టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ మీది ఐజీఏ రకం ప్రతిరక్షకాలను కొలిచే టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా కొలవాలి, ఎందుకంటే పుట్టుకతో ఐజీఏ తక్కువగా ఉన్నవారిలో వ్యాధి ఉన్నా ఈ పరీక్ష లేదనే చెబుతుంది. ఫలితం అనుమానాస్పదంగా ఉంటే ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం నుంచి నాలుగైదు చోట్ల చిన్న తునకలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు; ఇదే బయాప్సీ. ప్రతిరక్షకాలు సాధారణ గరిష్ఠ పరిమితికి 10 రెట్లో అంతకు మించో ఉండి, వేరుగా తీసిన రెండో రక్త నమూనాలో మరో ప్రతిరక్షకం కూడా కనబడిన పిల్లలకు బయాప్సీ అవసరం లేదని యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. ఈ పరీక్షలన్నీ గోధుమ తింటూ ఉన్నప్పుడే నిజం చెబుతాయి. ఎవరో చెప్పారని కొన్ని నెలలు గోధుమ మానేసి ఆ తర్వాత వైద్యుడి దగ్గరికి వెళ్తే ప్రతిరక్షకాలు తగ్గి, పేగు మాని, వ్యాధి లేదనే ఫలితం వస్తుంది. అప్పుడు బాధ కలుగుతుందని తెలిసీ తిరిగి కొన్ని వారాలు గోధుమ తినిపించి పరీక్షించాల్సి వస్తుంది.

భారతదేశంలో మరో చిక్కుంది. చూషకాలు కుంచించుకుపోవడం సీలియాక్‌లోనే కాదు, ఉష్ణమండల స్ప్రూ అనే పేగు వ్యాధిలోనూ, జియార్డియా అనే పరాన్నజీవి సోకినప్పుడూ కనిపిస్తుంది. పేగు క్షయ లక్షణాలూ దీనిని పోలి ఉంటాయి. దక్షిణాదిన బయాప్సీ ఒక్కటే చూసి సీలియాక్ అని ముద్రవేయడం అందుకే ప్రమాదం. జన్యుపరీక్షలో డీక్యూ2, డీక్యూ8 రకాలు లేవని వస్తే వ్యాధి దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే జనంలో మూడోవంతు మందితో సమానమైనట్టే తప్ప దానితో ఏమీ రుజువు కాదు. ఇక వందల ఆహారాలకు ఐజీజీ అనే మరో ప్రతిరక్షకాన్ని కొలిచి పడనివాటి జాబితా చేతిలో పెట్టే ఖరీదైన పరీక్షలను ఎలర్జీ వైద్య సంఘాలు నిరాకరించాయి. తిన్నదానికి శరీరం ఐజీజీ తయారుచేయడం మామూలు సంగతి. గోధుమ ఎలర్జీకి చర్మం మీద గుచ్చిచూసే పరీక్ష, ఐజీఈ పరీక్ష, అవసరమైతే ఆసుపత్రిలో వైద్యుడి ఎదుట తినిపించి చూడడం మార్గాలు.

సీలియాక్ అని తేలాక చికిత్స ఒక్కటే, గ్లూటెన్ లేని ఆహారం, అదీ జీవితాంతం. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చాలు నెలల తరబడి తింటే పేగు దెబ్బతినడానికి. అంటే సుమారు అరగ్రాము, ఒక చిటికెడు గోధుమపిండి. ఈ లెక్క తెలిస్తే తప్ప పండగపూట ఒక్కటి తింటే ఏమవుతుందనే చుట్టాల ఆప్యాయతను కాదనే ధైర్యం రోగికి రాదు. తెలుగు వంటలో మాత్రం అతనికి ఊరట బోలెడు. అన్నం, ఇడ్లీ, దోశ, పెసరట్టు, గారెలు, రాగి సంకటి, జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్రలు, సామలు, అరికలు, సగ్గుబియ్యం, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు సహజంగానే గ్లూటెన్ లేనివి. బొబ్బట్లు, కజ్జికాయలు, కాజాలు, గవ్వలు, సేమియా పాయసం, రవ్వలడ్డు, మైసూరు బోండా, గోధుమ పడే హైదరాబాదీ హలీం గ్లూటెన్ ఉన్నవి. పెసరట్టు తినవచ్చు, దాని మడతలో పెట్టిన ఉప్మా తినకూడదు. శనగపిండితో చేసిన తిరుపతి లడ్డు విషయంలో చింత లేదు. గోధుమరవ్వతో చేసే అన్నవరం ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కన పెట్టాల్సిందే. క్యాథలిక్ దివ్యబలిలో ఇచ్చే అప్పం గోధుమదే. పూర్తిగా గ్లూటెన్ తీసేసిన అప్పం చెల్లదనీ, తక్కువ గ్లూటెన్ ఉన్నది వాడవచ్చనీ 2017లో వాటికన్ మరోసారి స్పష్టం చేసింది.

అసలు కష్టం కంటికి కనిపించని చోట్ల ఉంది. కొట్లో దొరికే ఇంగువ డబ్బాలో ఉన్నది స్వచ్ఛమైన ఇంగువ కాదు. ఘాటు తగ్గించి పొడి చేయడానికి చాలా రకాల్లో మైదానో గోధుమపిండినో కలుపుతారు, ఆ పొడి పప్పులో, పులిహోరలో, మజ్జిగ పులుసులో పడుతుంది. ఒంట్లో వేడికనీ, మూత్రంలో మంటకనీ, కాళ్లవాపుకనీ పెద్దవాళ్లు కాచి ఇచ్చే బార్లీ నీళ్లలో హోర్డీన్ ఉంది. పాలలో కలుపుకునే మాల్టు పొడుల్లో చాలావాటికి మూలం బార్లీయే. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. పిండిమరలో ముందు ఎవరిదో గోధుమ పడి, వెనకే జొన్నలు పడితే రాళ్ల మధ్య మిగిలిన గోధుమపిండంతా జొన్నపిండితో కలిసి సంచిలోకి వస్తుంది. సీలియాక్ రోగి ఇంటికి చిన్న పిండిమర కొనుక్కోవడం విలాసం కాదు. పరోటాలు కాల్చిన పెనం మీదే దోశ పోసే హోటళ్లలో, మైదా కలిపిన పునుగులు వేగిన నూనెలోనే గారెలు తీసే బళ్ల దగ్గర ఏది భద్రమో చెప్పడం కష్టం. మల్టీగ్రెయిన్ పేరుతో అమ్మే పిండిలో ఎక్కువ భాగం గోధుమే. అంతర్జాతీయ ప్రమాణమైన కిలోకు 20 మిల్లీగ్రాములకు మించని గ్లూటెన్ పరిమితినే భారత ఆహార భద్రతా సంస్థ కూడా గ్లూటెన్ రహిత ముద్రకు పెట్టింది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలను పొట్లం మీద ఎలర్జీ కారకాల కింద ప్రకటించాలన్న నియమమూ ఉంది. ఓట్స్‌ను చాలామంది సీలియాక్ రోగులు తట్టుకోగలరు గానీ పొలంలో, మిల్లులో గోధుమ కలవకుండా విడిగా పండించి ఆడించినవే తినాలి, అదీ వైద్యుడు సరేనన్నాకే.

గోధుమ ఎలర్జీ ఉన్నవారికి పథ్యపు గీత వేరుగా ఉంటుంది. వారు గోధుమను పూర్తిగా వదలాలి గానీ బార్లీ, రై అందరూ మానాల్సిన పనిలేదు. తీవ్రంగా వచ్చే మనిషి దగ్గర ఆడ్రినలిన్ సూదిమందు, దానిని పొడవడం తెలిసిన ఇంటివారు ఉండాలి, ఎందుకంటే ఆయాసం మొదలయ్యాక సిట్రజిన్ మాత్ర కోసం వెతకడం కాలయాపన. మూడో రుగ్మతలో కఠినత్వం అక్కర్లేదు. సీలియాక్ కాదని తేలాక కొన్ని వారాలు గోధుమ తగ్గించి, మళ్లీ చేర్చి, ఉల్లి వెల్లుల్లి మీద కూడా అదే చూసి, ఎంతవరకు పడుతుందో కనిపెట్టుకుంటే చాలు. ఏ జబ్బూ లేనివారు బరువు తగ్గుతామని గ్లూటెన్ మానడంలో ప్రయోజనం కనిపించదు. మార్కెట్‌లో దొరికే గ్లూటెన్ రహిత బిస్కట్లలో పీచు తక్కువ, చక్కెరా కొవ్వూ ఎక్కువ, ధర మరీ ఎక్కువ.

పథ్యం మొదలుపెట్టాక విరేచనాలు కొన్ని వారాల్లోనే తగ్గుతాయి గానీ పేగు మానడానికి చాలాకాలం పడుతుంది. అమెరికాలో పెద్దవయసు రోగులను గమనించిన ఒక అధ్యయనంలో రెండేళ్లకు 34 శాతం మందిలో, ఐదేళ్లకు 66 శాతం మందిలో మాత్రమే పేగు గోడ మానినట్టు తేలింది. అందుకే ప్రతిరక్షకాలను ఆరు నెలలకూ ఏడాదికీ కొలుస్తూ, ఐరన్, ఫోలేట్, బి12, డి విటమిన్లు సరిచూస్తూ, ఎముకల సాంద్రత పరీక్షిస్తూ ఉండాలి. ఎంత పథ్యం చేసినా గుణం లేదంటే ముందుగా వెతకాల్సింది తెలియకుండా లోపలికి పోతున్న గ్లూటెన్‌నే. చాలా కేసుల్లో అది ఇంగువ డబ్బాలోనో పిండిమరలోనో మరో చోటో దొరుకుతుంది. పథ్యానికి లొంగని రూపమూ, దాని వెంట వచ్చే పేగు లింఫోమా అనే క్యాన్సరూ అరుదు.

పసిపిల్లలకు గోధుమ ఎప్పుడు మొదలుపెట్టాలనే ప్రశ్నకు 2014లో వెలువడిన రెండు పెద్ద యూరప్ ప్రయోగాలు అనుకోని జవాబిచ్చాయి: ముందు పెట్టినా ఆలస్యంగా పెట్టినా చివరికి వ్యాధి వచ్చే అవకాశంలో తేడా రాలేదు. మందుల విషయంలోనూ ఆశలు తారుమారవుతూ వచ్చాయి. పేగు గోడ సందులను బిగించే లారాజొటైడ్ అనే మందు చివరి దశ ప్రయోగాన్ని ఫలితం లేదని 2022లో ఆపేశారు. ట్రాన్స్‌గ్లూటమినేజ్ ఎంజైమునే అడ్డుకునే జెడ్‌ఈడీ1227 అనే మాత్ర, రోగులకు ఆరు వారాలు రోజుకు 3 గ్రాముల గ్లూటెన్ ఇచ్చి చేసిన ప్రయోగంలో చూషకాలకు జరిగే నష్టాన్ని తగ్గించిందని 2021లో ప్రకటించారు. ఇటువంటి మందును పథ్యానికి బదులుగా కాక, పొరపాటున లోపలికి పోయే కొద్దిపాటి గ్లూటెన్ నుంచి కాపాడే అదనపు రక్షణగానే పరిశోధకులు చూస్తున్నారు.